మట్టి పళ్ళెంలో అంజూరాలు

(పదిహేడో వారం)

పోయినవారం బ్రిజిదా సాల్వెత్తిని మనం కిటికీ దగ్గర వదిలి వచ్చాం. అప్పటికి పోపుగారు కన్నుమూసి ఇరవై నాలుగు రోజులు. పంతొమ్మిదిమంది కార్డినళ్ళు వాటికన్‌లో తలుపులకు ఇటుకలు కట్టించుకుని, కిటికీలు మూయించుకుని, కొత్త పోపును ఎన్నుకునే పనిలో ఉన్నారు. పదమూడు ఓట్లు ఎవరికి పడితే వారిది పీఠం. కస్తెల్మార వంశపు లతీనోకు పదకొండు ఉన్నాయని రోమ్ అంతా అంటోంది. బ్రిజిదా తమ్ముడు నికోలోకు ఉన్నవి అయిదు. మిగిలిన ముగ్గురూ బాగా ముసలివాళ్ళు. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, రేపు చూద్దామని పడుకుంటున్నారు. లోపలివాళ్ళకు భోజనం మోసుకుని వంతెన వైపు వెళ్ళే పరివారాలను కిటికీలోంచి చూస్తూ చూస్తూ బ్రిజిదా ఉన్నట్టుండి నిటారుగా నిలబడింది. కస్తెల్మారల భోజనంలో ఏదో చూసింది. చూసి, చాలా రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. అక్కడ ఆగాం.

ఆ నవ్వు మర్నాడు పొద్దుటికి కూడా ఆమె ముఖం మీదే ఉంది. అది చూసి వంటమనిషి పెర్నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి పొయ్యి పెర్నాది. అందువల్ల యజమానురాలిని కసిరే హక్కు కూడా ఆమెదే.

"నవ్వే రోజులా ఇవి అమ్మగారూ? చేపల బజార్లో ఏమంటున్నారో విన్నారా? ఎవరి పేరు బయటికొస్తే వాళ్ళ కొంప మీద పడతారట. నిజమా అబద్ధమా అని అప్పుడెవడూ అడగడు. ఆ గోడల మీది తెరలైనా విప్పించండి. వెండైనా ప్రాతోలో మీ వాళ్ళింటికి పంపించండి."

పెర్నా భయం ఊరికే పుట్టలేదు. రోమ్‌లో అదొక ఆనవాయితీ. పోపు అయినవాడికి ఇక సొంత ఇల్లెందుకు అని, పేరు ప్రకటించిన మరుక్షణం జనం ఆయన పాత ఇంటి మీద పడి గోడ మేకులతో సహా ఊడ్చుకుపోతారు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు. న్యాయాధికారి దగ్గరికి పోరు. పుకారు అబద్ధమైతే మాత్రం పీఠమూ రాదు, ఇల్లూ మిగలదు. వెనకటికి ఒక కార్డినల్ అలాగే ఉత్తచేతులతో ఇంటికి తిరిగొచ్చి, ఆ రాత్రి పడుకోవడానికి పొరుగింటి మంచం అడగాల్సి వచ్చింది.

"ఇంట్లోంచి చెంచా కదిలినా ఊరుకోను," అంది బ్రిజిదా. "ఆ తెరలు దులిపించు."

"దులిపించి ఏం చేస్తాం?"

"ఏమీ చెయ్యం. వచ్చినవాళ్ళకు దుమ్ముపట్టిన సరుకు చూపిస్తామా? మన కొట్లో ఎప్పుడైనా చూపించామా?"

పెర్నా చేతులు గాల్లోకి ఎగరేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బ్రిజిదాకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. తాత ప్రాతో నుంచి ఒక కంచరగాడిద మీద రెండు ఉన్ని బేళ్ళు వేసుకుని రోమ్ వచ్చాడు. తండ్రి కాంపో దె ఫియోరి బజారులో కొట్టు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళకే భర్త పోతే బ్రిజిదా ఆ కొట్టు గల్లా దగ్గర కూర్చుంది. తల్లి లేని తమ్ముడికి తలంటి పోసింది, బొలోన్యా పంపి న్యాయశాస్త్రం చదివించింది, కార్డినల్ ఎర్రటోపీ దాకా తీసుకొచ్చింది. ఆమె దృష్టిలో మనుషులు రెండు రకాలు. సరుకును చేత్తో తడిమి చూసేవాళ్ళు, పేరు విని కొనేవాళ్ళు. రోమ్‌లో పెద్ద వంశాలన్నీ రెండో రకమని ఆమె ఏనాడో తేల్చుకుంది.

నికోలో భోజనం మోసుకెళ్ళే బాధ్యత ఇంటి పనివాళ్ళ పెద్ద బార్తొలోమేయోది. మనిషి పీపాలా ఉంటాడు. ఈ ఉద్యోగానికి ముందు ఇరవై ఏళ్ళు కొట్టు ముందు నిలబడి గుడ్డల రకాలు అరిచాడు. అతను ఒక పక్క గుమ్మంలో నిలబడి గుసగుసలాడితే అవతలి సందులో కుక్కలు లేస్తాయి. ఆ పొద్దున బ్రిజిదా అతన్ని పక్కకు పిలిచి చెవిలో నాలుగు మాటలు చెప్పింది. అతను విన్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "గట్టిగా చెప్పమంటారా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"ఎంత గట్టిగా చెప్పగలవో అంత."

బార్తొలోమేయో పరివారం రోజూ కన్నా గంట ముందే నది వైపు ద్వారం గుండా వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి వీధి వైపు ద్వారంలో గుర్రాల చప్పుడైంది.

వచ్చినవాడు ఓద్దోనె కస్తెల్మార. లతీనో కార్డినల్‌కు అన్నకొడుకు, ఆ వంశానికి ఇప్పుడు పెద్ద. సాల్వెత్తిల గడప తొక్కడం కస్తెల్మారలలో అతనే మొదటివాడు. ఇద్దరు కత్తిమనుషులను కింద వాకిట్లో వదిలి పైకొచ్చాడు. చేతి తొడుగులు తియ్యలేదు. చుట్టూ చూశాడు. గోడల మీద ఫ్లాండర్స్ తెరలు, ఇత్తడి దీపస్తంభాలు, వాల్‌నట్ కర్ర బీరువాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇల్లు బాగుంది బ్రిజిదాగారూ. ఉన్ని ఇంత పలుకుతుందని నాకు తెలీదు."

"గొర్రె మీద ఉన్నప్పుడు పలకదు దొరవారూ. మీరు గొర్రెల దగ్గరే ఆగిపోయారు. కూర్చోండి."

అతను నవ్వి కూర్చున్నాడు. కోపం తెచ్చుకోవాల్సిన చోట నవ్వాడంటే ఇతనికి పని ఉంది అనుకుంది బ్రిజిదా.

"మీతో డొంకతిరుగుడు ఎందుకు," అన్నాడు ఓద్దోనె. "మీ తమ్ముడికి అయిదు. మా బాబాయికి పదకొండు. మాకు తక్కువైనవి రెండు."

"ఆ లెక్క నాకూ వచ్చు."

"లోపలికి కబురు పంపడం కూడా మీకొచ్చు. కాదనకండి. కోడిని నాలుగు ముక్కలు చేస్తే ఒక అర్థం, ఆరు చేస్తే ఇంకో అర్థం. ఈ ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఇదే భాష."

"మీ వంటింట్లోనూనా?"

"మా వంటింట్లో కోడిని తినడానికే కోస్తారు." అతను ముందుకు వంగాడు. "ఇవాళ మధ్యాహ్నం భోజనంతో కబురెళ్ళాలి. నికోలోగారు తన అయిదుగురినీ వదిలెయ్యాలి."

"వదిలేస్తే?"

"మీ కొట్టు మీది, మీ ఇల్లు మీది. మా తమ్ముడి కూతుర్ని మీ మనవడికిస్తాం. కస్తెల్మార పిల్ల ఉన్ని కొట్టువాళ్ళ ఇంటి కోడలు. మీ తాత కలలో కూడా అనుకుని ఉండడు."

"వదలకపోతే?"

"ఏముంది. సాయంత్రానికి మా బాబాయి ఎలాగూ పోపు అవుతాడు. రేపు పొద్దున్నే మీరు, మీ తమ్ముడు, మీ వాళ్ళందరూ మీ తాత వచ్చిన దారినే ప్రాతో వెళ్తారు. ఆయన ఒక గాడిదతో వచ్చాడట కదా. ఆ గాడిదేదో మేమే ఇచ్చి పంపిస్తాం."

అది ఉత్త బెదిరింపు కాదని బ్రిజిదాకు తెలుసు. కస్తెల్మారలు ఇదివరకు పీఠమెక్కినప్పుడు మూడు కుటుంబాలు ఊళ్ళో లేకుండా పోయాయి. ఒక కుటుంబం ఇంటి స్థలంలో ఇప్పుడు వాళ్ళ గుర్రపుశాల ఉంది. ఇవాళ నికోలో ఓడితే పోయేది పీఠం ఒక్కటే కాదు. మూడు తరాలు కూడబెట్టిన చోటు పోతుంది.

కానీ సాయంత్రానికి అంతా అయిపోతుందనేవాడు పొద్దున్నే బేరానికి ఎందుకొచ్చాడు? తక్కువైన ఆ రెండూ ఇంకా తక్కువగానే ఉన్నాయి. ఇతను కొనడానికి వచ్చాడు. అమ్మేవాడిలా మాట్లాడుతున్నాడు, అంతే.

"ఆలోచించుకోవాలి దొరవారూ."

"మధ్యాహ్నం గంటలు కొట్టేలోపు."

"ఈలోపు ఏదైనా తినండి. మా ఇంటికి వచ్చి ఖాళీ కడుపుతో వెళ్ళారంటే రేపు గాడిద మీద కూర్చుని నేను దానికే ఏడవాలి."

ఓద్దోనె ఈసారి నిజంగానే నవ్వాడు. గెలుపు చేతికందింది అనుకున్నవాడి నవ్వు అది. బ్రిజిదా వంటింట్లోకి వెళ్ళి అక్కడ ఊరికే నిలబడింది. పెర్నా ఏదో అడగబోతే వేలు పెదవుల మీద పెట్టింది. ఒక మనిషి మనసుతో పోట్లాడి ఓడిపోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, తల కాస్త వంచుకుని బయటికొచ్చింది.

వెనకాలే పెర్నా పళ్ళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పగిలి తేనె కారుతున్న అంజూరాలు, పెకొరీనో జున్ను, ఉప్పులో ఊరిన పంది మాంసం పొరలు, ఫ్రస్కాతి ద్రాక్షసారా. ఓద్దోనె ఒక అంజూరం తీసుకోబోయి ఆగాడు. పళ్ళెం అంచు పట్టుకుని ఎత్తాడు. తొడుగు తీసి గోటితో మీటాడు. అది మట్టి పళ్ళెం. పనివాళ్ళు తినే రకం, ఒక అంచున పెచ్చు కూడా లేచింది.

"ఓహో," అన్నాడు.

బ్రిజిదా ద్రాక్షసారా వంచింది.

"మీ వెండి సెట్టు గురించి ఊరంతా చెప్పుకుంటారు. ఇరవై నాలుగు పళ్ళాలు, పెరూజియా పనితనం. అతిథికి, అదీ కస్తెల్మార అతిథికి, మట్టి పళ్ళెమా?" అతను వెనక్కి వాలాడు. కళ్ళు మెరిశాయి. "వెండి బండెక్కేసిందన్నమాట. తెరలు గోడకే ఉంచి ఊరి కళ్ళు కప్పారు. అమ్మో, ఏం గుండె మీది. తమ్ముడు పోపు అయిపోతాడని అంత ధీమానా?"

"అది ధీమా అంటారా దొరవారూ?"

"మరేమంటారు? ఓడతాననుకున్నవాడు ఇల్లెందుకు ఖాళీ చేస్తాడు? పీఠం జేబులో ఉందనుకున్నవాడే సామాన్లు దాచుకుంటాడు." అతను అంజూరం నోట్లో వేసుకున్నాడు. "ఇది లోపలున్న ఆ ముగ్గురు ముసలాళ్ళకు తెలిసిందనుకోండి. ఓటు అడిగించుకోవడం వాళ్ళకిష్టం. బతిమాలించుకోవడం ఇంకా ఇష్టం. మనం ఇవ్వకముందే ఇచ్చేసినట్టు లెక్కేసుకున్నాడా వీడు అని తెలిస్తే చచ్చినా వెయ్యరు. ఆ ముగ్గురే కాదు, మీ అయిదుగురిలో కూడా ఇద్దరు జారిపోతారు. మీరిక లోపలికి కబురు పంపనవసరం లేదు. ఈ పళ్ళెం ఒక్కటి చూపిస్తే చాలు."

"నిజమే," అంది బ్రిజిదా. "నిన్నటి నుంచీ నేనూ అదే అనుకుంటున్నా. ఇంత బాగా చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు."

అప్పుడే సాంతా మరియా గుడిలో మధ్యాహ్నం గంటలు మొదలయ్యాయి. వాటి వెనకాల నదికి ఇవతలా అవతలా ఒక్కో గుడీ అందుకుంది. ఆ మోత తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

"గడువు అయిపోయింది," అన్నాడు ఓద్దోనె. "కోడి ఎన్ని ముక్కలైంది?"

"కోడి సంగతి అంత అవసరం లేదు. భోజనం ఎప్పుడో వెళ్ళిపోయింది. మీరు వాకిట్లోకి రాకముందే."

అతని చెయ్యి జున్ను దగ్గర ఆగింది.

"మా ఇల్లు ఖాళీ కాలేదు దొరవారూ. కావాలంటే తలుపులన్నీ తీయించి చూపిస్తా. వెండి మాత్రం ఇంట్లో లేదు. పన్నెండు పళ్ళాలు మా నికోలో భోజనంతో వెళ్ళాయి, రోజూ వెళ్ళేవే. మిగిలిన పన్నెండూ అరువిచ్చాను."

"ఎవరికి?"

"మీ బాబాయిగారికి."

ఓద్దోనెకు మొదట అర్థం కాలేదు. అర్థం కాకపోవడం బ్రిజిదాకు కనిపించింది, తరవాత అర్థం కావడం కూడా కనిపించింది. ముందు చెవులు, తరవాత బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ తరవాత ఉన్న రంగంతా దిగిపోయింది.

"పదకొండు రోజులు మీ బాబాయిగారి భోజనం వెండి మీద వెళ్ళింది," అంది బ్రిజిదా, కొట్లో గుడ్డ విప్పి పరిచినంత నింపాదిగా. "మీ వంశపు బురుజు ముద్ర ఉన్న పళ్ళాలు. నేను రోజూ కిటికీలోంచి చూసేదాన్ని, ముచ్చటేసేది. మూడు రోజుల నుంచి తగరం మీద వెళ్తోంది. పైన గుడ్డ కప్పుతున్నారు గానీ, తగరానికీ వెండికీ మోసేవాడి నడకలో తేడా ఉంటుంది. నిన్న గాలికి గుడ్డ కూడా లేచింది. పాపం, ఇంట్లో ఏమైనా ఇబ్బందేమో, అడగడానికి మొహమాటమేమో అనుకున్నా. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం సాయం చెయ్యొద్దూ?"

అతను తొడుగు అందుకున్నాడు. "అవి లోపలికి వెళ్ళవు. భోజనాలు తనిఖీ చేసే బిషప్పులు ఆపేస్తారు."

"ఎందుకాపుతారు? ఉత్తరమా, చీటీయా? ఖాళీ పళ్ళాలు. భోజనం లోపలికి పంపే తిరుగుడు గూట్లో పెట్టే ప్రతి వస్తువూ ఏమిటో, ఎవరికో, ఎందుకో గట్టిగా చెప్పి పెట్టాలని వాళ్ళ నియమమే కదా. మా బార్తొలోమేయో చెప్తాడు. మీరు అతని గొంతు విన్నారో లేదో."

ఓద్దోనె లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నువ్వు, గుడ్డలమ్ముకునే దానివి..."

"ఇందాక నన్ను 'మీరు' అన్నారు," అంది బ్రిజిదా. "అదే బాగుంది."

అతను మెట్లు దిగిన చప్పుడు, గుర్రాలు కదిలిన చప్పుడు వినిపించాయి. పెర్నా బల్ల దగ్గరికొచ్చి చూసింది.

"జున్ను ముట్టుకోలేదు దొరగారు," అంది. పళ్ళాలు తీస్తూ, "అమ్మగారూ, నాకు ముందే చెప్తే ఆ పెచ్చు లేవని పళ్ళెం పెట్టేదాన్ని కదా," అంది.

"పెచ్చు లేచిందే కావాలి."

బార్తొలోమేయో గంట తరవాత తిరిగొచ్చాడు. చెమటతో తడిసిపోయాడు, గొంతు బొంగురుపోయింది, ముఖం మాత్రం పెళ్ళికొడుకులా ఉంది.

"కూర్చో. నీళ్ళు తాగి చెప్పు."

"నీళ్ళు తరవాత అమ్మా. మొదట బాబుగారి భోజనం పెట్టాను. తరవాత ఆ పన్నెండూ బయటికి తీశాను. బిషప్ 'ఇవేమిటి' అన్నాడు. చెప్పాను. 'కార్డినల్ కస్తెల్మారగారికి, మూడు రోజులుగా తగరంలో తింటున్నారని చూడలేక, సాల్వెత్తి ఇంటి నుంచి అరువు' అని. బిషప్ రెండు చెవులూ మూసుకుని, 'కాస్త మెల్లగా చెప్పవయ్యా' అన్నాడు. వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను, ఇంకాస్త గట్టిగా."

పెర్నా వంటగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"గూటికి అవతల భోజనాలు అందుకోవడానికి అందరి సేవకులూ ఉన్నారమ్మా. ముందు ఎవడో ఒకడు నవ్వాడు. తరవాత ఇద్దరు. తరవాత నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ముసలాయన గూడు దగ్గరికొచ్చినట్టున్నాడు. కర్ర చప్పుడైంది. 'మూడు రోజుల నుంచా?' అని అడిగాడు. 'మూడు రోజుల నుంచి ప్రభూ' అన్నాను. కర్ర చప్పుడు మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది."

"ఓద్దోనె?"

"వంతెన మీద ఎదురయ్యాడు. జనం దారివ్వలేదు. కావాలని కాదు, నా మాటలు బయటివాళ్ళూ విన్నారు కదా, అందరూ అదే చెప్పుకుంటూ నిలబడిపోయారు. 'కస్తెల్మారలు ఇల్లు ఊడ్చేసి కోటకి పంపేశారట, మనకి గోడలు మిగిల్చారట' అని. ఒక చేపలావిడ అయితే తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వాళ్ళ దృష్టిలో అది వాళ్ళ సొమ్ము కదమ్మా."

బ్రిజిదా తల ఊపింది. తరవాత చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. బేరం చెప్పేశాక కొనేవాడి ముఖం చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటే. కానీ ఈసారి కొనేవాళ్ళు ఇటుక గోడ వెనకాల ఉన్నారు, ముఖాలు కనబడవు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచింది. సరిగ్గానే ఉన్న తెరను సరిచేసింది. నికోలో చిన్నప్పుడు వానకు తడిసి వచ్చి, తల తుడవమని ఒళ్ళో వాలిన సంగతి జ్ఞాపకం వచ్చింది. వాడు ఇప్పుడు లోపల కూర్చుని పెరూజియా పళ్ళెంలో కోడి తింటూ అక్క ఏం చేసిందో విని ఉంటాడు. నవ్వుకుని ఉంటాడా, సిగ్గుపడి ఉంటాడా? రెండూ చేసి ఉంటాడు.

మూడో జాము దాటుతుండగా వాకిట్లో బండి చక్రాల చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే మెనికో. పాతసామాన్ల వర్తకుల పెద్ద. ఎముకల గూడులాంటి మనిషి, భుజాన మూడు చుట్లు తాడు. వెనకాల తోపుడుబళ్ళు ఒక వరసలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. గంటలు ఇంకా మోగలేదు. ఎక్కడా ఏ కేకా లేదు. మెనికో టోపీ తీసి పైకి చూశాడు.

"ఏం మెనికో, ఇలా వచ్చావు?"

"ఊరికే అమ్మా. కాస్త నీడగా ఉందని."

"అంత నీడ కస్తెల్మారల ఇంటి ముందు లేదా?"

"అక్కడ నీడ తప్ప ఇంకేం లేదుటమ్మా." మెనికో తాడు సర్దుకున్నాడు. "లోపల కార్డినళ్ళ గదులు ఊడ్చేవాడు మా బావమరిది. సాయంత్రానికి నీ బండికి చక్రాలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకో, సాల్వెత్తివారి మెట్లు ఎత్తు అని కబురంపాడు. అంతకంటే నాకేం తెలీదు."

బ్రిజిదా కిటికీ చట్రం పట్టుకుంది. రాయబారులు రెండు వారాలుగా రాజులకు ఉత్తరాలు రాస్తున్నారు. పెద్దపెద్దవాళ్ళు జోస్యాలు చెప్తున్నారు. వాళ్ళెవరి మాటా ఆమె నమ్మలేదు. మెనికో మాట నమ్మింది. మెనికో తన బండిని వట్టిమాటకు తీసుకురాడు.

అప్పుడు వినిపించింది. ముందు దూరంగా, నదికి అవతల, రాళ్ళు దొర్లినట్టు. ఇటుకలు కట్టిన కిటికీని లోపలినుంచి పగలగొడుతున్నారు. తరవాత సాంత్ ఆంజెలో కోట ఫిరంగి. తరవాత గంటలు, ఒకటి కాదు, రోమ్‌లో ఉన్న గంటలన్నీ. ఆ మోతలోంచి జనం అరుపు తేలుతూ వచ్చింది. మొదట పేరు తెలియలేదు. వంతెన దాటాక తెలిసింది. సందు మలుపు తిరిగాక ఇక అనుమానం లేదు.

"సాల్వెత్తి. సాల్వెత్తి. సాల్వెత్తి."

పదిహేను ఓట్లు. తన అయిదూ, ముగ్గురు ముసలివాళ్ళూ, కస్తెల్మారల పదకొండులో ఏడూ. ఆ ఏడుగురూ తగరం పళ్ళాల మాట విన్నాక, మన ఓటు వాడి ఇంటి సామాన్లతో పాటే బండికెక్కిందా అని అడిగారని తరవాత తెలిసింది. ఉన్ని కొట్టువాళ్ళ పిల్లవాడు పీటర్‌గారి పీఠం మీద కూర్చున్నాడు. కంచరగాడిద మీద వచ్చినవాడి మనవడు.

బ్రిజిదా ఏడవలేదు. ముఖం కడుక్కుంది, తలగుడ్డ మార్చుకుంది, మెట్లు దిగి వాకిట్లోకి వచ్చి తన చేత్తోనే రెండు ద్వారాలూ బార్లా తీసింది.

"రండి నాయనా. తోసుకోకండి, అందరికీ ఉంది. ఆ మూలది మంచి తెర, ఇద్దరు పట్టుకోండి, మడతపెడితే రంగు పోతుంది. ఏయ్, ఆ బీరువా అడ్డంగా తిప్పితేనే గుమ్మం దాటుతుంది. మెనికో, దీపస్తంభాలు జతగానే ఉంచు, విడగొడితే సగం ధర కూడా రాదు. పెర్నా, నీ మంచం నువ్వు పట్టుకో, అది ఎవరికీ ఇవ్వకు."

రెండు గంటలపాటు ఇల్లు వీధిలోకి ప్రవహించింది. ఒక పళ్ళు లేని ముసలమ్మ దిండు కౌగలించుకుని బ్రిజిదా చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఒక కసాయివాడు ఆమె కుర్చీ నెత్తిన పెట్టుకుని, "ఇందులో నేను కూర్చోనమ్మా, మా అమ్మని కూర్చోబెడతా," అన్నాడు. జీవితంలో మూర కొలవకుండా గుడ్డముక్క ఇవ్వని మనిషి ఇవాళ ఇల్లంతా ఉత్తపుణ్యానికి పంచేసిందని ఊళ్ళో ఆశ్చర్యపడ్డారు. వాళ్ళకు వ్యాపారం తెలియదు. ఆ సాయంత్రం నుంచి రోమ్‌లో ప్రతి వీధిలో, ప్రతి వంటింట్లో సాల్వెత్తిల వస్తువు ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకున్నప్పుడల్లా ఆ ఇంటివాళ్ళకు ఈ రోజు జ్ఞాపకం వస్తుంది. అంతకంటే బలమైన కోట ఏ కస్తెల్మార కట్టించగలడు?

చివరి బండి వెళ్ళాక గోడలు మిగిలాయి. జనం వీధిలో పాటలు పాడుతున్నారు. బ్రిజిదా వీధి ద్వారం మూసి, గడియ వేసి, తన అడుగుల చప్పుడు తనే వింటూ వంటింటి వైపు నడిచింది. ఖాళీ ఇల్లు ఇంత పెద్దదని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

నది వైపు తలుపు మీద ఎవరో కొట్టారు. మెల్లగా, కానీ ఆగకుండా.

తీసింది. ఓద్దోనె కస్తెల్మార. టోపీ లేదు. ఒక కాలికి జోడు లేదు. పట్టుచొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. వెనకాల సందులో ఎక్కడో అరుపులు, కుక్కల మొరుగులు.

"తలుపు వెయ్యి," అన్నాడు లోపలికి దూరుతూ. గోడకు జారగిలబడి ఊపిరి తీసుకున్నాడు. "తలుపు వెయ్యండి బ్రిజిదమ్మగారూ. మా ఇంటి మీద పడ్డారు. ఏం దొరకలేదు. మేకులు తప్ప ఏం దొరకలేదని ఇప్పుడు నన్ను వెతుకుతున్నారు. రాజద్రోహం చేసినవాణ్ణి కూడా అలా వెతకరు."

"వాళ్ళ హక్కు ఎగ్గొట్టారు మరి. గెలిచి ఉంటే క్షమించేవాళ్ళేమో."

"ఈ ఊళ్ళో ఇవాళ ఎవరూ చొరబడని ఇల్లు ఇదొక్కటే. అయిపోయిన ఇంటిమీదికి మళ్ళీ రారు." అతను మోకాళ్ళ మీదికి జారాడు. అది మొక్కడానికో, నిలబడలేకో చెప్పడం కష్టం. "ఏం కావాలో అడగండి. కోట అడగండి. వంతెన సుంకం అడగండి. పొద్దున నేనన్న మాటలు..."

"పొద్దుటి బేరం పొద్దున్నే అయిపోయింది దొరవారూ."

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. నలభై ఏళ్ళ మగవాడు. మూడువందల ఏళ్ళ వంశం. నాలుగు కోటలు, రెండు వేలమంది కత్తిమనుషులు, రేపటి నుంచి తన తమ్ముడికి నిద్రపట్టనివ్వని పేరు. గోడలు తప్ప ఏమీ మిగలని ఇంట్లో, ఒంటికాలి జోడుతో, నేల మీద కూర్చున్నాడు. దాచుకుంటే ఒక ధర. బయట పెడితే ఇంకో ధర. రెండూ ఒకేసారి ఆమె కళ్ళ ముందు కదిలాయి.

వీధి ద్వారం దడదడలాడింది. వెయ్యి గొంతుల గోల, కాగడాల వెలుగు తలుపు సందుల్లోంచి నేల మీద గీతలు గీసింది. ఆ గోలలోంచి మెనికో గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా వినిపించింది.

"బ్రిజిదమ్మా, విసిగిస్తున్నామనుకోకండి. మావాళ్ళు కొందరు ఆలస్యంగా వచ్చారు, ఉత్తచేతులతో పోవడం వాళ్ళకి ఇష్టం లేదు. లోపల ఇంకేమైనా మిగిలిందా?"

ఓద్దోనె ఆమె పావడా అంచు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు.

బ్రిజిదా మెల్లగా అంచు విడిపించుకుని, వీధి ద్వారం దాకా నడిచి గడియ మీద చెయ్యి వేసింది.

"ఉంది మెనికో," అంది. "ఒక్కటి మిగిలింది."